కప్పకు కొత్త కాళ్ళు

జూన్ 3

బావమరిదికి,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. పోయినసారి నువ్వు "ఆఁ?" అనడం, నేను అరవడం, మనిద్దరం పోట్లాడుకుంటున్నామని పక్కింటివాళ్ళు బయటికి రావడం గుర్తొచ్చి కాగితం తీశాను. కార్లకి షాక్ అబ్జార్బర్లు చేసే కంపెనీ పరీక్ష గదిలో మిషన్ల పక్కన ఇన్నేళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. బదులుగా వచ్చిన తెలివిలో కొంచెం నాకు కావాలి.

నా కారు సంగతి. ముందే నవ్వకు. ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు మీ ఇంటిల్లిపాదీ నా చుట్టూ చేరి, పళ్ళ సెట్లు చేసుకునేవాడికి ఇదెందుకని అడిగారు. జవాబు నాకిప్పటికీ తెలియదు. లైట్లు వేస్తే కళ్ళు పైకి లేస్తాయని మీ అక్క దానికి కప్ప అని పేరు పెట్టింది. ఎండైనా వానైనా రోజూ దాన్లోనే ల్యాబుకి వెళ్తాను.

ఇప్పుడు కప్పకి కాళ్ళు పోయాయి. ఒక మూల చేత్తో నొక్కి వదిలితే ఊగుతూనే ఉంటుంది. మలుపులో ఒక పక్కకి ఒరుగుతోంది. వీటికి తోడు ఎడమ వైపు నుంచి టక్, టక్ అని ఒక చప్పుడు. నెలల తరబడి చెవి ఒగ్గి వింటున్నాను. గతుకులో వస్తుంది. ఒక్కోసారి నున్నటి రోడ్డు మీద కూడా వస్తుంది. బ్రేకు వేస్తే రెండుసార్లు వస్తుంది. షాకు పైన ఉండే రబ్బరు బుష్షు అరిగిందని నా అనుమానం.

టౌన్లో స్పీడు సామాన్లు అమ్మే దుకాణం ఉంది. దుకాణదారు మూడు దారులు చెప్పాడు. పాత షాకులు అలాగే ఉంచి పొట్టి స్ప్రింగులు వేస్తే కారు కిందికి దిగి చూడముచ్చటగా ఉంటుందట. లేదంటే ఎత్తూ గట్టిదనమూ మరలతో మార్చుకునే రేసు సెట్టు. అదీ కాకపోతే కారుతో వచ్చినవాటిలాంటివే కొత్తవి. ఆ మూడోది చెప్పేటప్పుడు నావైపు జాలిగా చూశాడు.

ఏది తీసుకోను?

మీ అక్క బాగుంది. ఈ మధ్య ఆఫీసుకి బస్సులో వెళ్తోంది.

మీ బావ


జూన్ 11

బావగారికి,

రేసు సెట్టు గురించి అడిగే స్థాయికి వెళ్ళారు కాబట్టి ఈసారికి 'గారు' పెట్టాను. ఎవరితో పందెం బావా? పళ్ళు లేనివాళ్ళు నీకంటే ముందు ఇంటికి పోతున్నారా?

ఈ ఉత్తరం పరీక్ష గదిలోనే రాస్తున్నాను. పక్కన మిషను ఒక షాకుని పట్టుకుని పొద్దుటి నుంచి లాగుతోంది, నొక్కుతోంది. అక్షరాలు వంకరగా ఉంటే దాని తప్పు.

విను. స్ప్రింగు పని బరువు మోయడం. షాకు పని ఆ స్ప్రింగు ఊపుని పట్టి ఆపడం. స్ప్రింగు గట్టిపడితే దాన్ని ఆపే చెయ్యి కూడా అంత గట్టిగా ఉండాలి. నీ పాత షాకుల మీద పొట్టి స్ప్రింగులు వేయడమంటే తాతయ్య చేతికి దుడుకు దూడ పలుపు ఇవ్వడమే. పైగా కారు కిందికి దిగితే షాకు కదలడానికి చోటుండదు. ప్రతి గతుక్కీ వెళ్ళి లోపలి రబ్బరు దిమ్మకి గుద్దుకుంటుంది. రేసు సెట్టు మంచిదే, మీ రోడ్డు మీద కాదు. మీ ఊరొచ్చినప్పుడు నీ పక్కన కూర్చున్నాను. నా నడుములో ఒక ముక్క ఇంకా నీ కారులోనే ఉంది, దొరికితే పంపు.

తొందరపడి ఏదీ కొనకు. నాకు కొన్ని సంగతులు రాయి. రోడ్డు ఇంకా క్వారీ లారీలు తిరిగే రోడ్డేనా? సామానేం మోస్తావు? ఎక్కేది ఎవరు, వాళ్ళ బరువెంత? దాన్ని బట్టి చెప్తాను.

అక్కని బస్సులో కిటికీ పక్కన కూర్చోమను. చిన్నప్పుడు ఆ సీటు కోసమే నన్ను గిల్లేది.

నీ బావమరిది


జూన్ 19

బావమరిదికి,

తిట్టు. నీ ఉత్తరం అందే ముందురోజే పొట్టి స్ప్రింగులు వేయించేశాను.

కారు నిజంగానే అందంగా ఉంది. ఆగి ఉన్నప్పుడు. కదిలిందంటే నువ్వు రాసిందంతా అక్షరాలా జరుగుతోంది. వీధి మొదట్లో స్పీడు బ్రేకరుకి పొట్ట రాసుకుంటోంది. నిన్న పక్క సీటులో ఒక పెద్దాయనకి చేసిన పళ్ళ సెట్టు పెట్టుకుని వెళ్తుంటే డబ్బాలో ఆయన పై పలువరుస, కింది పలువరుస టకటకా కొట్టుకున్నాయి. చలికి వణుకుతున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నట్టుంది. అయినా ఎడమ వైపు టక్ వేరు. దాన్ని వంద చప్పుళ్ళలో ఉన్నా గుర్తుపడతాను.

నీ ప్రశ్నలకి జవాబులు. రోడ్డు అదే రోడ్డు, లారీలు అవే లారీలు. సామాను పళ్ళు. ఎక్కేది నేనొక్కడినే, డెబ్బై కిలోలు.

ఒకటి నీకు చెప్పకూడదనుకున్నాను. మీ అక్క బస్సు ఎక్కడం మొదలుపెట్టి చాలా రోజులైంది. ఎందుకని అడిగితే "బస్సే బాగుంది" అంటుంది. నడుము నొప్పేమో. చెప్పే రకం కాదని నీకు తెలుసు. పగలంతా తను నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక, నేను ల్యాబులో ప్లాస్టరు అచ్చుల మధ్య. ఇంటికొస్తే ఎవరి పనులు వాళ్ళవి. మేమిద్దరం పక్కపక్కన కూర్చునేది ఆ రానుపోను దారిలోనే. ఇప్పుడు ఆ సీటులో డబ్బాలు పెట్టుకుని వెళ్తున్నాను.

తను తిరిగి ఆ సీటులోకి రావాలి. వేగం నాకక్కర్లేదు. అందం కూడా అక్కర్లేదు. తన నడుముకి తగిలేది ఏదీ లేకుండా ఉండేది చెప్పు.

ఈ సంగతి తనకి రాయకు.

బావ


జూన్ 27

బావా,

ముందు ఆ పొట్టి స్ప్రింగులు పీకించు. దుకాణంవాడికే తిరిగిచ్చేయ్. మళ్ళీ జాలిగా చూస్తే చూడనీ.

నీకు కావలసింది మధ్యరకం సెట్టు, మా కంపెనీది నేనే పంపుతాను. షాకూ స్ప్రింగూ ఒకదానికొకటి సరిపోయేలా జతగా చేసినవి. స్ప్రింగు కారుతో వచ్చినదానికంటే కొద్దిగా గట్టిది, ఎత్తు దాదాపు అదే. మరీ మెత్తగా వేస్తే పడవలా ఊగి అక్కకి వాంతి వస్తుంది. మెత్తదనమూ హాయీ ఒకటి కావు, ఇక్కడ కొత్తగా చేరేవాళ్ళకి మేం మొదటిరోజు చెప్పేది ఇదే. షాకు తల మీద చిన్న మర ఉంటుంది. సడలిస్తే గతుకు తెలియదు, బిగిస్తే మలుపులో నిలుస్తుంది. సడలించే ఉంచుకో. పై బుష్షులు కూడా కొత్తవి పెడతాను, నీ టక్కు దాంతో పోవాలి.

అయితే ఖాళీ సీటుకి స్ప్రింగు ఎంచలేను. రెండు రకాలున్నాయి, ఒకటి మరొకదానికంటే కొంచెం ఎక్కువ మోస్తుంది. నువ్వొక్కడివే అయితే ఒకటి, ఇద్దరూ రోజూ ఎక్కేట్టయితే ఇంకొకటి. అక్క బరువు చెప్పు. పెళ్ళినాటి బరువు రాయకు, అప్పుడు నేనే మోశాను కాబట్టి నాకు తెలుసు.

నువ్వు అడగలేవని కూడా తెలుసు. అందుకని తనకి నేనే రెండు ముక్కలు రాసి పడేశాను. భయపడకు, నీ నడుము నొప్పి కథ రాయలేదు. బరువు మాత్రం అడిగాను.

నీ మేలు కోరే

బావమరిది


జూలై 6

ఒరే,

ఏం రాశావురా తనకి?

నీ కవరు వచ్చిన సాయంత్రం మీ అక్క మామూలుగా గిన్నెలు కడిగింది. ఆ కడగడం వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. మర్నాడు ల్యాబులో టిఫిన్ డబ్బా తెరిస్తే అన్నం పైన ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చీటీ. మందుల దుకాణం ముందు బరువు చూసే మిషను ఇచ్చే చీటీ. వెనకవైపు రాసి ఉంది: "మీ స్ప్రింగులు నా వల్లే కుంగాయని మా తమ్ముడి ద్వారా కబురు పంపనక్కర్లేదు. ఇదిగో సాక్ష్యం. చెప్పులతో సహా."

ల్యాబులో అందరూ చదివారు. పాలిష్ చక్రం దగ్గర కూర్చునేవాడైతే అన్నం తినలేకపోయాడు.

సాయంత్రం వివరంగా చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. "అది నీ బరువు గురించి కాదు, కారు బరువు గురించి" అన్నాను. "ఓహో" అంది. "అంటే సీటు బరువు. సీటులో ఉండే బరువు" అన్నాను. "అర్థమైంది" అంది. ఏం అర్థమైందో నాకు అర్థం కాలేదు.

చీటీ ఇందులో పెడుతున్నాను. చెప్పులు తీసేసి లెక్క వేసుకో. సెట్టు పంపేయ్. పంపాక తనకి సరిగ్గా రాయి. నువ్వు తగలబెట్టావు, నువ్వే ఆర్పు.

మీ బావ


జూలై 15

బావా,

పొరపాటు నాదే. "బావ కారు స్ప్రింగులు దిగిపోయాయి, నీ బరువెంతో వెంటనే రాయి" అని రాశాను. రాసేటప్పుడు సరిగ్గానే ఉంది. ఇప్పుడు చదువుకుంటే నాకే చెంప చురుక్కుమంటోంది.

జరిగిందంతా విడమరిచి మళ్ళీ రాశాను. నడుము నొప్పి సంగతి కూడా రాసేశాను. నువ్వు వద్దన్నావు కానీ, ఆర్పమన్నది కూడా నువ్వే. అక్క జవాబు నిన్న వచ్చింది. తన మాటల్లోనే ఎత్తి రాస్తున్నాను, నా సొంత కల్పన అనుకునేవు.

"నా నడుముకేం రాలేదు. ఊరంతా గతుకులే, నడుము ఎప్పుడో అలవాటు పడింది. నీకు వినబడదు, ఆ సంగతి నువ్వు ఒప్పుకుంటావు. మీ బావకి అన్నీ వినబడతాయి, నా మాట తప్ప. ఎప్పుడు నోరు తెరిచినా 'ష్! ఆగు, విను, ఎడమ వైపు' అంటారు. ఆ చప్పుడేమిటో నాకు మొదటిరోజే తెలుసు. అందరికీ చూపించడానికి చేసి, పోయిందని ఇల్లంతా వెతికారే, ఆ నమూనా పళ్ళ సెట్టు. నా వైపు తలుపు సంచీలో అడుగున పడి ఉంది. చెప్పబోయాను, ష్ అన్నారు. మళ్ళీ చెప్పబోయాను, ష్ అన్నారు. ఆ తరవాత చెప్పడం మానేశాను. రోజంతా కిటికీలో కూర్చుని ఊరందరి కుళాయిల గోల వింటాను తమ్ముడూ. ఇంటికెళ్ళే దారిలోనైనా నేను మాట్లాడితే ఎవరో ఒకరు వినాలి కదా. బస్సులో వింటున్నారు."

నేనేమీ కలపలేదు. తీసేసింది మాత్రం ఉంది, అది నీ గురించి ఒక విశేషణం.

షాకులు నిజంగానే పోయాయి, అది వేరే సంగతి. సెట్టు నిన్ననే పార్శిల్ చేశాను. ఇద్దరి బరువుకి సరిపడేదే.

బావమరిది


జూలై 26

బావమరిదికి,

తలుపు సంచీలో చెయ్యి పెట్టాను. ఉంది. డబ్బా మూత ఊడి, కింది పలువరుస ఒక్కటే సందులో ఇరుక్కుని ఉంది. చేత్తో తలుపుకేసి కొడితే టక్ అంది. అదే టక్. ఇన్నాళ్ళూ నేను చేసిన పళ్ళు నాతోనే మాట్లాడుతున్నాయి.

నీ పార్శిల్ వచ్చింది. మెకానిక్ కారుని స్టాండ్ల మీదికి ఎత్తాడు. తుప్పు పట్టిన బోల్టులు రావడం లేదని వారంగా తిప్పుతున్నాడు. ఈ వారం నేనూ బస్సే.

మొదటిరోజు సాయంత్రం ఎక్కగానే కబుర్లన్నీ ఆగిపోయాయి. మీ అక్క పక్కన సీటు లేదు. వెనక సీటులో, పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీరు ష్ గారే కదండీ?" అంది. కండక్టరు వెనక్కి తిరిగి, "ఈయనేనా?" అన్నాడు. టిక్కెట్టు తీసుకుంటూ తల ఊపాను. ఇంకేం చేయను.

తరవాత మీ అక్క మొదలుపెట్టింది. తన కిటికీ దగ్గరికి రోజూ ఒకాయన వస్తాడట. ఫిర్యాదేమిటంటే పక్కింటి కుళాయిలో నీళ్ళు వస్తున్నాయని. "మీకు రావడం లేదా?" అని తను అడుగుతుంది. "వస్తున్నాయి." "మరి?" "వాళ్ళకీ వస్తున్నాయి." ఆయన గొంతూ మీ అక్కే, పక్కింటివాళ్ళ గొంతూ మీ అక్కే. బస్సంతా నవ్వింది. డ్రైవరు వినడానికి నెమ్మదిగా నడిపాడనే నా అనుమానం. నేనూ నవ్వాను, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా. ఎందుకంటే కథ ఎన్నాళ్ళనుంచో నడుస్తోంది, నాకు ముందు భాగం తెలియదు. పోస్టాఫీసావిడని అడిగితే, "మీ ఇంట్లో మనిషే కదండీ చెప్పేది" అంది.

తను అంత బాగా చెబుతుందని నాకు తెలియదు. తెలిసి ఉండాలి.

ఇంకో రెండు వారాలకి గానీ కారు దిగదట. దిగాక తను ఎక్కుతుందో లేదో తెలియదు. బస్సులో తనకి అంతమంది ఉన్నారు. కారులో నేనొక్కడినే.

బావ


ఆగస్టు 3

బావా,

కింది పలువరుస కథ మా గదిలో అందరికీ చెప్పాను. మా సూపర్వైజరు, ఫిర్యాదు వచ్చిన ప్రతి కారుకీ ముందు తలుపు సంచీలు వెతకాలని కొత్త నియమం పెడతానంటున్నాడు.

మెకానిక్‌కి ఒకటి గట్టిగా చెప్పు. కింది బోల్టుల చివరి బిగింపు కారు నేల మీద నిలబడ్డాకే చేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే కారు దిగగానే బుష్షులు మెలిపడి కొద్దికాలానికే చిరుగుతాయి. తరవాత చక్రాల అలైన్‌మెంటు చూపించు. మర సడలించే ఉంచు.

ఇది మా కంపెనీ కొత్త సెట్టు. రోజూ తిరిగే కారులో ఎలా ఉందో రిపోర్టు కావాలి. స్పీడు బ్రేకరు దాటేటప్పుడు, క్వారీ మలుపులో, కంకర తేలిన చోట, బ్రేకు వేసినప్పుడు, అన్నీ చూసి రాయి. నీకున్న చెవులు మా గదిలో ఎవరికీ లేవు కదా.

అక్క సంగతి నన్నడగకు. చిన్నప్పుడు తను చెప్పే కథల్లో మధ్యలో నిద్రపోయేవాణ్ణి, మర్నాడు బడికి వెళ్ళే దారంతా నాతో మాట్లాడేది కాదు. మళ్ళీ మాట్లాడాలంటే ఒకటే మార్గం ఉండేది. "తరవాత ఏమైందే?" అని అడగడం. అది కూడా నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే. ఊరికే అడిగితే పట్టేసేది.

రిపోర్టు మరిచిపోకు.

బావమరిది


ఆగస్టు 14

బావమరిదికి,

రిపోర్టు ఆలస్యమైంది. ఇది కూడా రిపోర్టో కాదో నువ్వే చూసుకో.

బోల్టులు నువ్వు చెప్పినట్టే నేల మీద బిగించారు. నేను పక్కనే నిలబడి చూశాను. అలైన్‌మెంటు అయ్యేసరికి సాయంత్రమైంది. ఒక చుట్టు తిప్పి చూడమన్నాడు మెకానిక్. చూడకుండా నేరుగా నీళ్ళ సరఫరా ఆఫీసు ముందున్న బస్ స్టాపుకి వెళ్ళాను. మీ అక్క, పోస్టాఫీసావిడ, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు.

దిగి వెళ్ళి, "కారు బాగైంది" అన్నాను.

"సంతోషం" అంది.

"ఎక్కవా?"

"బస్సులో వీళ్ళు ఎదురుచూస్తారండీ. ఇవాళ ఆయన ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు, అది చెప్పాలి."

"వీళ్ళకి మొదటినుంచీ తెలుసు. నాకు మొదలే తెలియదు. ఆయన అసలు ఎందుకు వచ్చాడు?"

నా మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందంటే బస్సు వచ్చేసింది. పోస్టాఫీసావిడ మెట్టు మీద కాలు పెట్టి, "కారెక్కవమ్మా, మాకు రేపు పొద్దున చెబుదువుగానీ. పాపం, ష్ గారు ఎండలో నిలబడ్డారు" అంది. మీ అక్క, "నా సీటు ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి వచ్చి కారులో కూర్చుంది. పొద్దున బస్సూ, సాయంత్రం కారూ అని కూర్చున్నాక ఒప్పందం చెప్పింది. ఒప్పుకున్నాను.

ఇక నీ ప్రశ్నలు. స్పీడు బ్రేకర్ల మీద ఎలా ఉంది? దాటే ఉంటాం, ఇంటికి చేరాం కాబట్టి. క్వారీ మలుపులో ఒరుగుతోందా? మలుపు దగ్గరే ఆయన మొదటిసారి కిటికీ ముందుకి వచ్చాడు, కాబట్టి నాకు తెలియదు. కంకర మీద? అక్కడికొచ్చేసరికి తను ఒక మాట చెప్పింది. పక్కింటివాళ్ళకి కుళాయి లేని రోజుల్లో వాళ్ళు బిందెలు పట్టుకుని ఈయనింటికి వచ్చేవాళ్ళట. రోజూ పొద్దున్నే అరుగు మీద మాటలు. కుళాయి వచ్చాక ఎవరూ రావడం లేదు. ఆ ముక్క బస్సులో చెప్పలేదట. "అది నవ్వే సంగతి కాదు కదా" అంది. బ్రేకు వేసినప్పుడు ఏమైనా చప్పుడు వచ్చిందా అన్నావు. బ్రేకు వేశానని కూడా గుర్తులేదు.

ఇంటి ముందు ఆపి ఇంజను కట్టేశాను. కథ పూర్తవలేదు. తను దిగలేదు, నేనూ దిగలేదు. వీధి దీపాలు వెలిగాయి. ఇంకా ఆఫీసరు గదిలోనే ఉన్నాం.

కాబట్టి నువ్వు రాసుకోవలసింది ఇది: ఆగి ఉన్న కారులో మీ కంపెనీ సెట్టు చాలా హాయిగా ఉంది. కదిలే కారులో ఎలా ఉంటుందో తెలియాలంటే నువ్వే వచ్చి నడిపి చూసుకో. పగటిపూట రా. సాయంత్రం మాత్రం కుదరదు. ఉన్నవి రెండే సీట్లు, నాది నేనివ్వను.

మీ బావ